తల వంచి చదివిన నవ్వు

మా ఇంటికి ఇంటర్నెట్ వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం నాన్న కంప్యూటర్ ముందు కూర్చుని, మెడ బాగా ఎడమకు వంచి, కళ్లద్దాలు జారిపోకుండా వేలితో పట్టుకుని తెరకేసి చూస్తున్నారు. మెడ పట్టేసిందేమోనని అమ్మ కంగారుగా వచ్చింది. "నాకేమీ కాలేదు. వీడి స్నేహితుడు నవ్వుతున్నాడట, చూస్తున్నాను" అన్నారు నాన్న. అమ్మ కూడా ఆయన భుజం మీదుగా మెడ వంచి చూసింది. ఇద్దరి తలలూ ఒకే వైపు వాలిన ఆ దృశ్యం ఏ ఫోటోలోనూ లేదు. అయినా తలచుకున్నప్పుడల్లా ఆ గదిలోని వెలుతురుతో సహా నా కళ్ల ముందుకు వస్తుంది.

పై చదువుకు దూరం వెళ్లిన స్నేహితుడు రాసిన ఈమెయిల్ అది. మొత్తం నాలుగు వాక్యాలు. నాలుగో వాక్యం చివర రెండు చుక్కలు, వాటి పక్కన ఒక బ్రాకెట్. ఇరవై ఏళ్లుగా ఎర్ర సిరాతో పిల్లల తప్పులు దిద్దుతున్న ఉపాధ్యాయుడు కాబట్టి నాన్న కంటికి మొదట అదే ఆనింది. "బ్రాకెట్ మూశాడు గానీ ఎక్కడా తెరవలేదే" అన్నారు. అది తప్పు కాదని, చుక్కలు కళ్లని, బ్రాకెట్ పెదవులని, తల వంచి చూస్తే ముఖం కనిపిస్తుందని చెప్పాను. ఆయన వంచి చూశారు. ముఖం కనిపించగానే ఆయన ముఖంలోనూ అదే నవ్వు వచ్చింది.

ఆ గుర్తు వెనుక కథ నాకు చాలాకాలం తరువాత తెలిసింది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రవేత్తలు తమలో తాము సందేశాలు రాసుకునేవారు. ఒకరు హాస్యానికి రాసిన మాటను మరొకరు నిజమనుకునేవారు, దాని మీద వాదం పెరిగేది. 1982 సెప్టెంబర్ 19న స్కాట్ ఫాల్మన్ ఒక ఉపాయం చెప్పారు. హాస్యమాడినప్పుడు పక్కన రెండు చుక్కలు, ముక్కులా ఒక అడ్డగీత, ఒక బ్రాకెట్ పెడదామని, దాన్ని పక్కకు తిప్పి చదవాలని రాశారు. ఈ సంగతి చెప్పినప్పుడు నాన్న కాసేపు ఆలోచించి, "ఉత్తరంలో మనిషి ముఖం కనబడదని ఒకాయనకు బెంగ కలిగింది. మంచి బెంగే" అన్నారు. ఇంటర్నెట్ సంస్కృతి గురించి ఆ తరువాత ఎన్నో చదివాను గానీ, ఇంత సూటిగా చెప్పిన మాట నాకు మరొకటి కనబడలేదు.

అప్పట్లో ఏదైనా తెర మీదికి రావాలంటే ఎదురుచూడాలి. ఫోను లైను మీద ఇంటర్నెట్ తెచ్చే మోడెమ్ ముందు కీచుమంటుంది, తరువాత బుసకొడుతుంది, చివరికి గొంతు సవరించుకున్నట్టుగా ఆగుతుంది. సెకనుకు 56 కిలోబిట్లని పెట్టె మీద రాసి ఉండేది. ఆ వేగం పూర్తిగా అందినా ఒక మెగాబైట్ ఫైలు దిగడానికి రెండు నిమిషాలకు పైగా పడుతుంది. పూర్తిగా ఏనాడూ అందేది కాదు. ఆ వేళలో ఎవరైనా మా ఇంటికి ఫోను చేస్తే లైను దొరికేది కాదు. అందుకని ఈమెయిల్‌తో పాటు ఒక వీడియో వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ తెలిసిపోయేది. నీలిగీత నెమ్మదిగా నిండుతుంటే అమ్మ, అక్క, నాన్న ఒక్కొక్కరే వచ్చి నా కుర్చీ వెనుక నిలబడేవారు. ఏమి వస్తోందని ఎవరూ అడిగేవారు కాదు. "ఎవరు పంపారు?" అన్నదే అమ్మ మొదటి ప్రశ్న.

అలా మా ఇంటికి వచ్చిన మొదటి వింత, డైపరు కట్టుకుని నాట్యం చేసే పాప. త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఏమేమి చేయగలదో చూపించడానికి 1996లో తయారైన నమూనా బొమ్మ అది. ఎవరో దాన్ని చిన్న ఫైలుగా మార్చి ఈమెయిల్‌కు జతచేశారు, అక్కడి నుంచి అది ఇంటింటికీ నడిచింది. 1998 నాటికి ఒక అమెరికా టీవీ సీరియల్లో కూడా కనిపించింది. మా తెర మీద ఆ పాప కొన్ని క్షణాలే ఆడింది. మేము మాత్రం పదిసార్లు చూశాం. అక్క ఆ చేతుల కదలికను పట్టేసి వంటింట్లో అమ్మ ముందు చేసి చూపించింది. తరువాత నేను కూర్చుని, దీన్ని ఇంకెవరికి పంపాలా అని ఆలోచించాను. అందరికీ ఒకేసారి పంచే మీట లేదు. చిరునామాల కాగితం ముందు పెట్టుకుని, ఎవరైతే నవ్వుతారో, ఎవరికి ఈ వారం నవ్వు అవసరమో చూసుకుని ఏడుగురిని ఎంచుకున్నాను. ఆ పాప బొమ్మ ఇప్పుడు చూస్తే మోటుగా ఉంది. ఆ ఏడు పేర్లు మాత్రం వరుసగా చెప్పగలను.

ఇలా చేతులు మారుతూ పోయే వింతలు ఇంటర్నెట్‌తో పుట్టలేదన్నది నిజమే. మా అమ్మ చిన్నతనంలో ఇంటికి ఒక ఉత్తరం వచ్చిందట. దీన్ని ఇంతమందికి రాసి పంపితే మేలు, చింపితే కీడు అని అందులో ఉంది. అమ్మమ్మకు నమ్మకం లేదు. అయినా పిల్లల తల్లి కదా, తెగించి చింపలేకపోయింది. రాత్రి దీపం దగ్గర అమ్మ చేత ప్రతులు రాయించింది. అమెరికాలోని డెన్వర్ నగరంలో 1935లో ఇలాంటి గొలుసు ఉత్తరాలే, ఒక్కోదానిలో ఒక్కో డైము, అంటే పది సెంట్ల నాణెం, పెట్టి పంపేవి, విపరీతంగా పెరిగి అక్కడి తపాలా కార్యాలయాన్ని ముంచెత్తాయి. అదే ఉత్తరం మాటలు మార్చుకుని నా ఈమెయిల్‌కు వచ్చినప్పుడు అమ్మ వెంటనే గుర్తుపట్టింది. "అప్పుడు చెయ్యి నొప్పెట్టింది. ఇప్పుడు అదీ లేదు, ఇక ఆగదు" అంది. చెయ్యి నొప్పి ఒక అడ్డుకట్ట అని నాకు తట్టలేదు, ఆ మాట వినేదాకా.

'వైరల్' అనే మాట మా ఇంట్లో చాలాకాలం జ్వరానికే చెల్లింది. పత్రికలో ఒక వీడియో వైరల్ అయిందని చదివి నాన్న నన్ను పిలిచి, ఇదేమి రోగమని అడిగారు. నిజానికి ఆయన పొరబడలేదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటూ పోవడాన్ని చూసే ఆ పేరు పెట్టారు. 'మీమ్' అన్న మాట కూడా మొదట జీవశాస్త్రం పక్క నుంచి వచ్చిందే. జన్యువులు తరం నుంచి తరానికి పోయినట్టే ఆలోచనలు, రాగాలు, వేషభాషలు మనసు నుంచి మనసుకు ప్రతులవుతూ పోతాయని చెప్పడానికి జీవశాస్త్రవేత్త రిచర్డ్ డాకిన్స్ 1976లో ఆ మాట కల్పించారు. నాన్నకు ఇది ఎంతో నచ్చింది. తాను తరగతిలో పాఠం మొదలుపెట్టే ముందు సుద్దముక్కతో బల్ల మీద రెండుసార్లు తట్టే అలవాటు తన గురువు నుంచి వచ్చిందని, తన విద్యార్థుల్లో ముగ్గురు ఉపాధ్యాయులై ఇప్పుడు అలాగే తడుతున్నారని ఆ రోజు చెప్పారు.

వీడియోల కాలం వచ్చాక వేగం పెరిగింది. యూట్యూబ్‌లో పెట్టిన మొదటి వీడియో 2005 ఏప్రిల్ 23 నాటిది, నిడివి 19 సెకన్లు. ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన జావెద్ కరీం జంతుప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలబడి వాటి తొండాలు చాలా పొడవుగా ఉన్నాయని చెబుతారు, అంతే. ఏడేళ్లు దాటాక 2012 జూలైలో దక్షిణ కొరియా గాయకుడు సై గుర్రపుస్వారీ చేస్తున్నట్టు ఆడిన నాట్యం వచ్చింది. డిసెంబర్ 21కి అది వంద కోట్ల వీక్షణలు దాటింది. అంతకు ముందు యూట్యూబ్‌లో ఏ వీడియోకూ అన్ని లేవు. అందులో ఒక్క ముక్క అర్థం తెలియని మా ఇంట్లో, అప్పటికి నాలుగేళ్ల నా మేనకోడలు కళ్లెం పట్టుకున్నట్టు చేతులు అడ్డంగా పెట్టి హాలంతా దౌడు తీసింది. "తాతయ్యా, నువ్వు వెనక రా" అంది. మోకాళ్ల నొప్పితో మెట్లు ఎక్కడానికి ఆలోచించే నాన్న, సోఫా చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశారు. భాష తెలియని దేశపు పాట మా తాతామనవరాళ్లకు ఆ సాయంత్రం ఇచ్చింది. దానికి నేను ఈనాటికీ కృతజ్ఞుణ్ణి.

ఫోటోల సంగతి చెప్పకపోతే ఈ రాత అబద్ధమవుతుంది. మా పాత ఆల్బమ్‌లలో నాన్న దాదాపు లేరు. కెమెరా ఆయన చేతిలో ఉండేది కదా. ప్రతి పుట్టినరోజుకూ, ప్రతి ప్రయాణానికీ మేమందరం వరుసగా నిలబడి నవ్వాం. ఆయన నీడ ఒక్కోసారి మా కాళ్ల దగ్గరకు పడింది, అంతే. ఫోనుకు ముందువైపు కెమెరా వచ్చి, సెల్ఫీ అలవాటు లోకమంతా పాకి, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల వాళ్లు 2013లో దాన్ని ఆ ఏటి మాటగా ఎంచాక, చాలామంది పెద్దలు ఈ అలవాటును స్వార్థమన్నారు, అద్దం ముందు నిలబడే జబ్బన్నారు. నేను ఆ మాట అనలేను. చెయ్యి బారుగా చాచి ఫోటో తీయడం అక్క నేర్పిన రోజు నుంచి నాన్న మా ఫోటోల్లోకి వచ్చారు. చెయ్యి ఆయనదే కాబట్టి అందరికంటే ముందు, అందరికంటే పెద్దగా, కొంచెం వంకరగా, నుదురు సగం కోసుకుపోయి కనిపిస్తారు. ఆయనవి నా దగ్గరున్న మంచి ఫోటోలన్నీ ఆ ఎనిమిదేళ్లవే.

2014 ఆగస్టులో బకెట్ సవాలు వచ్చింది. తల మీద మంచునీళ్లు పోసుకుని, మరో ముగ్గురి పేర్లు చెప్పి, ఇరవైనాలుగు గంటల్లో వాళ్లూ చేయాలనడం. నా పేరు ఒక సహోద్యోగి చెప్పాడు. పోసుకున్నాను, వణికాను, ముగ్గురి పేర్లు చెప్పాను. ఎందుకోసమో మాత్రం సరిగా తెలుసుకోలేదు. వీడియో చూసిన పై అంతస్తు ఆవిడ ఒకరోజు మెట్ల దగ్గర ఆగి, "మా అన్నయ్యకు ఉన్నది ఆ జబ్బేనండి" అంది. కండరాలను కదిలించే నాడీకణాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతూ, చాలామందిలో ముందు చేతులో కాళ్లో, తరువాత మాట, చివరికి ఊపిరి కూడా అందకుండా చేసే వ్యాధి. పేరు ఏఎల్ఎస్. బుద్ధి మాత్రం చాలామందిలో చెక్కుచెదరదు, అన్నీ తెలుస్తూనే ఉంటాయట. ఆవిడ నన్ను తప్పుపట్టలేదు. ఇన్నేళ్లలో ఆ జబ్బు పేరు బయటివాళ్ల నోట వినడం ఇదే మొదటిసారని చెప్పింది. నేను ఆ రాత్రి కూర్చుని చదివి, ఇవ్వగలిగింది ఇచ్చాను. ఆ రోజుల్లో అమెరికాలోని ఏఎల్ఎస్ సంఘానికి 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బు సాయంతో జరిగిన పరిశోధనలో ఎన్ఈకే1 అనే జన్యువుకు ఆ వ్యాధితో సంబంధం ఉందని 2016లో ప్రకటించారు. మెట్ల దగ్గర ఆవిడకు ఆ వార్త చెప్పాలనుకున్నాను. అప్పటికి వాళ్లు ఇల్లు మారిపోయారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన జ్ఞాపకం గౌను తగాదా. 2015 ఫిబ్రవరి చివర్లో ఒక పెళ్లికి వేసుకోవాలనుకున్న గౌను ఫోటో లోకమంతా తిరిగింది. అక్క ఫోనులో చూసి "తెలుపు, బంగారు రంగు గీతలు. ఎంత బాగుందో" అంది. నేను చూశాను. నీలం, నలుపు. ఆటపట్టిస్తోందనుకున్నాను. ఫోను అమ్మ చేతికి వెళ్లింది, అమ్మకు తెలుపు. నాన్న చేతికి వెళ్లింది, కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూసి తెలుపే అన్నారు. ఏడేళ్ల మేనకోడలు ఒక్కతే నా వైపు. "నీలం! మామయ్య చెప్పిందే నిజం!" అని ఎగిరింది. భోజనాలు ఆగిపోయాయి. దీపం కింద చూశాం, దీపం ఆర్పి చూశాం, కిటికీ దగ్గరికి తీసుకెళ్లాం. ఒక ఫోను చుట్టూ ఐదు తలలు. నా జీవితంలో అంతకు ముందు ఎన్నడూ నాన్న చూసే లోకమూ నేను చూసే లోకమూ వేరువేరని నాకు అంత కచ్చితంగా తెలియలేదు. ఆయనకూ తెలియలేదనుకుంటాను. నా భుజం మీద చెయ్యి వేసి, "నిజంగా నీకు నీలమేనా?" అని మెల్లగా అడిగారు, పరీక్ష పెట్టినట్టు కాకుండా, తెలుసుకోవాలన్నట్టుగా.

అసలు గౌను నీలం, నలుపు. అయితే మా నాన్న కళ్లు తప్పు చూడలేదు. ఒక వస్తువు రంగు తేల్చేటప్పుడు మెదడు దాని మీద పడుతున్న వెలుతురును అంచనా వేసి, ఆ మేరకు తీసివేసి చూస్తుంది. ఆ ఫోటోలో వెలుతురు ఎలాంటిదో స్పష్టంగా లేదు. గౌను నీడలో, నీలపు పగటి వెలుగులో ఉందనుకున్న మెదడు ఆ నీలాన్ని తీసేసి తెల్లగా చూపిస్తుంది. పసుపు దీపకాంతి అనుకున్న మెదడు నీలంగా చూపిస్తుంది. ఆ మే నెలలోనే కరెంట్ బయాలజీ అనే పత్రికలో దీని మీద మూడు పరిశోధన పత్రాలు వచ్చాయి. ఒక పరిశోధనలో సుమారు 1,400 మందిని అడిగితే, పెద్ద వయసువారికి, స్త్రీలకు తెలుపు, బంగారు రంగులు కనబడే అవకాశం ఎక్కువని తేలింది. అచ్చం మా ఇంట్లో జరిగినట్టే. ఇది చదివి వినిపిస్తే నాన్న అమ్మ వైపు తిరిగి, "చూశావా, మనిద్దరం ఒకే వెలుతురులో ఉన్నాం" అన్నారు.

అప్పుడు తెలియలేదు గానీ, మా ఇంట్లో అందరం ఒకే తెర మీదికి వంగి చూసిన చివరి వింత అదే. ఆ తరువాత ఎవరి ఫోను వారికి వచ్చింది.

2018లో నేను చేసిన ఒక పని చెప్పాలి. ఒక రాత్రి మా కుటుంబ వాట్సాప్ బృందంలో నాన్న ఒక సందేశం పంపారు. ఈ రాత్రి పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా అంతరిక్ష కిరణాలు భూమికి చాలా దగ్గరగా వస్తాయి, ఫోన్లు ఆపి దూరంగా పెట్టండి, నాసా చెప్పింది అని. ఏళ్ల తరబడి దేశదేశాల్లో తిరుగుతున్న కట్టుకథ అది. నేను చిరాకుగా ఉన్నాను. ఇరవైముగ్గురు బంధువులు చూస్తుండగా, చదువు చెప్పిన మనిషి కనీసం పరిశీలించకుండా ఇలాంటివి పంపడం ఏమిటని రాశాను. ఎవరూ బదులివ్వలేదు. నాన్న ఆ సందేశం తీసేశారు. ఆ తరువాత మూడు రోజులు బృందంలో ఆయన మాట లేదు. నాలుగో రోజు అక్క ఫోను చేసి చెప్పింది: ఆ రాత్రి నాన్న పన్నెండున్నర దాకా మేలుకుని, మేనకోడలు దిండు కింద వాళ్లమ్మ ఫోను పెట్టుకుని నిద్రపోతుందని గుర్తొచ్చి, అక్క ఇంటికి మూడుసార్లు ఫోను చేశారట. ఆపమని చెప్పడానికి.

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకుల అధ్యయనం ఒకటి ఆ సంవత్సరం మార్చిలో సైన్స్ పత్రికలో వచ్చింది. ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 వరకు తిరిగిన సుమారు 1,26,000 కథనాలను వాళ్లు పరిశీలించారు. నిజం కంటే అబద్ధాన్ని జనం తిరిగి పంచే అవకాశం 70 శాతం ఎక్కువ. దానికి కారణం మనుషుల్లా పోస్టులు పంచే బాట్లనే యంత్రాలేమో అని చూస్తే, యంత్రాలు రెంటినీ ఒకేలా పంచాయి. తేడా మనుషుల దగ్గర వచ్చింది. కొత్తదనం, ఆశ్చర్యం ఉన్నదాన్ని మనిషి వెంటనే తనవారికి చెప్పాలనుకుంటాడు. ఈ వ్యాసం నేను చాలా ఆలస్యంగా చదివాను. ముందే చదివి ఉంటే, ఆ సందేశం కింద ఏమి రాసేవాణ్ణో ఎన్నోసార్లు ఆలోచించాను. "నాన్నా, ఇది నిజం కాదు, మీరు నిద్రపోండి" అని ఆయనకొక్కరికే రాసి ఉండేవాణ్ణి.

ఐదో రోజు ఆయనకు విడిగా క్షమించమని రాశాను. చాలాసేపు బదులు లేదు. పంతులుగారు కదా, పెద్ద జవాబు రాస్తున్నారేమో అనుకున్నాను. చివరికి వచ్చింది. రెండు చుక్కలు, ఒక బ్రాకెట్.

వాట్సాప్ అదే ఏడాది జూలైలో, మరొకరి నుంచి వచ్చి ముందుకు పోయిన సందేశాల మీద ఫార్వర్డెడ్ అన్న గుర్తు వేయడం మొదలుపెట్టింది. 2019 జనవరిలో ఒకసారి ఐదు చోట్లకే పంపగలరని లోకమంతటా హద్దు పెట్టింది. చాలా చేతులు మారిన వాటికి 2020 ఏప్రిల్ నుంచి అది కూడా లేదు, ఒక్కచోటికే. అమ్మ చెప్పిన చెయ్యి నొప్పిని మళ్లీ తెచ్చిపెట్టడమే ఇదంతా. నాన్నకు అవేవీ అవసరం లేకపోయాయి. ఆయన తనకై తాను ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఏది పంపినా కింద ఒక వాక్యం రాసేవారు. "ఇది మా పాత హెడ్మాస్టరు గారు పంపినది. నిజమో కాదో నేను చూడలేదు. నువ్వు చూసి చెప్పు." చివర చుక్కలు, బ్రాకెట్. ఫోనులో మూడు వేలకు పైగా ఎమోజీ బొమ్మలున్నాయి. జపాన్‌లో షిగెటాకా కురిటా 1999లో పన్నెండు చుక్కల పొడవు, పన్నెండు చుక్కల వెడల్పుతో గీసిన 176 బొమ్మల నుంచి పెరిగి పెద్దదైన ఆ కుటుంబంలో ఏడ్చే ముఖం, సిగ్గుపడే ముఖం, అన్నీ ఉన్నాయి. నాన్న వాటిని ముట్టుకోలేదు. "నేను నేర్చుకున్న నవ్వు ఇదే" అనేవారు. 2021లో వెళ్లిపోయేదాకా ఆ ఒక్క నవ్వే పంపారు.

ఇప్పుడు అక్క ఇంటికి వెళితే పదకొండేళ్ల మేనల్లుడు గడియారం చూసి "ఆరు, ఏడు!" అని అరుస్తాడు. పుస్తకంలో అరవై ఏడో పేజీ వస్తే రెండు అరచేతులూ తక్కెడలా పైకీ కిందికీ ఊపుతాడు. అర్థమేమిటంటే అర్థం లేదంటాడు. 2025లో డిక్షనరీ.కామ్ వాళ్లు ఆ సంఖ్యనే ఆ ఏటి మాటగా ప్రకటించారు. అక్క విసుక్కుంటుంది, నాకు మాత్రం వాడిని చూస్తే సంతోషం. వాడికి ఫోను లేదు. ఆ చేతులు ఊపడం వాడికి బెంచీలో పక్కన కూర్చున్నవాడు నేర్పాడు. ఆ పిల్లవాడి పేరు అడిగితే ఠక్కున చెప్పాడు. వాడి నుంచి ఇంకో నలుగురికి ఎలా వెళ్లిందో కూడా చెప్పాడు, ఒక్కొక్కరి పేరుతో.

మేనకోడలి సంగతి వేరు. చదువు చివర్లో ఉన్న అమ్మాయి, తెలివైనది, తెర చూసి అల్లిక నేర్చుకుని వాళ్లమ్మకు శాలువా అల్లింది. మొన్న ఒక మాట అంది, నాకు అర్థం కాలేదు. "నీకు రాలేదా మామయ్యా? మా అందరికీ వచ్చింది" అంది. ఎవరు పంపారని అడిగాను, అమ్మలాగే. ఆ అమ్మాయి నిజంగా తికమకపడింది. "ఎవరూ పంపలేదు. వచ్చింది" అంది. ఆ మాట నాకు చాలా రోజులు తగులుతూనే ఉంది. ఏ వీడియో దగ్గర వేలు ఆగింది, దేన్ని రెండోసారి చూసింది, దేన్ని సగంలో వదిలేసింది అని లెక్కగట్టి, యాప్ వాళ్లు తరువాతి దాన్ని వరుసలో పెడతారు. ఆ వరుసకు అడుగు లేదు. పేజీ చివర లేకుండా జారుతూనే ఉండే ఏర్పాటును 2006లో రూపొందించిన ఆజా రాస్కిన్ తరువాత దాని గురించి బహిరంగంగానే బాధపడ్డారు. అది నచ్చేవాటినే తెస్తుందని నాకు తెలుసు, నా ఫోనూ తెస్తుంది, నేనూ చూస్తాను, నవ్వుతాను కూడా. కానీ నిన్న నవ్వించింది ఏదో ఈరోజు గుర్తుండదు. దాని వెనుక నాకు తెలిసిన ముఖం లేదు. నన్ను తలచుకుని, వీడు నవ్వుతాడని అనుకున్నవారు ఎవరూ లేరు.

అందుకని ఆ అమ్మాయిని ఒకటి అడిగాను. రోజుకు ఒక్కటి, నాకు నచ్చుతుందని తనకు అనిపించినది, పంపమని. పంపుతోంది. కింద ఒక వాక్యం కూడా రాస్తోంది, నేను చెప్పకుండానే. "ఈ పిల్లి నీలాగే అలుగుతుంది మామయ్యా" అని మొన్న రాసింది.

పోయిన ఆదివారం నా పాత ఫోను తీసి చార్జింగ్ పెట్టాను, నాన్న ఫోటోలు కొన్ని దించుకుందామని. మేనకోడలు పక్కన కూర్చుని ఆయన సందేశాలు పైనుంచి కిందికి చదువుతోంది. ఒకచోట వేలు ఆగింది. "తాతయ్య ప్రతిసారీ బ్రాకెట్ మూసేవాడేమిటి? తెరిచింది ఎక్కడా లేదు" అంది. చుక్కలు కళ్లని, బ్రాకెట్ పెదవులని, పక్కకు తిప్పి చూడాలని చెప్పాను. ఫోను పక్కకు తిప్పింది. తెర కూడా దాంతో పాటే తిరిగి, ముఖం మళ్లీ పడుకుంది. ఇంకోవైపు తిప్పింది. మళ్లీ అంతే. అప్పుడు ఫోనును నిటారుగా బల్ల మీద ఆనించి, జడ ముందుకు పడకుండా చేత్తో పట్టుకుని, మెడ బాగా ఎడమకు వంచింది.